మాత్ర ఎక్కడికి పోతుంది?

పెద్దమ్మకు యాభై ఐదు ఏళ్ళు. అసలు పేరు వేరే ఉంది. కాని వాడకట్టులో అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. పత్తి చేలల్లో కూలికి పోతుంది. రాత్రిపూట చదువు కేంద్రానికి వచ్చి అక్షరాలు నేర్చుకుంది. అంకెలు కూడా చదువుతుంది.

ఒకరోజు ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ఆమె చేతికి పట్టీ కట్టి బీపీ చూసింది. పైన 164, కింద 102 వచ్చింది. వారం తర్వాత మళ్ళీ చూసింది. అప్పుడూ ఇంచుమించు అంతే. డాక్టరు గారు పరీక్ష చేసి రోజుకు ఒక మాత్ర రాశారు. దాని పేరు ఆమ్లోడిపిన్. 5 మిల్లీగ్రాములది.

పెద్దమ్మ రెండు నెలలు మాత్ర వేసుకుంది. మళ్ళీ చూపించుకుంటే 132, 84 వచ్చింది.

"బీపీ తగ్గింది పెద్దమ్మా" అంది నర్సమ్మ సంతోషంగా.

ఆ మాట విని పెద్దమ్మ మర్నాటి నుంచి మాత్ర మానేసింది.

"అత్తమ్మా, గోలి ఏసుకోలేదేంది?" అని అడిగింది కోడలు.

"తగ్గిందని నర్సమ్మనే చెప్పె గద. తగ్గినంక గోలెందుకు? దినాం ఏసుకుంటె కిడ్నీలు ఖరాబైతయంటున్నరు" అంది పెద్దమ్మ.

ఒక రోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. మూడు రోజులు గడిచాయి. ఏమీ కాలేదు.

"సూసినవా, నాకేమన్న అయ్యిందా?" అని కోడలితో అంది.

ఇరవై రోజుల తర్వాత నర్సమ్మ ఇంటికి వచ్చి బీపీ చూసింది. 168, 104 ఉంది. మళ్ళీ మొదటికే వచ్చింది. పెద్దమ్మ నమ్మలేదు.

"నాకు తల నొస్తలేదు. కండ్లు తిరుగుతలేవు. పత్తి ఏరుతనే ఉన్న. మరి రెండు నెలలు ఏసుకున్న గోలీలన్నీ యాడ పోయినయి నర్సమ్మా?"

పెద్దమ్మ మంచి ప్రశ్న అడిగింది. మాత్ర ఒంట్లోకి ఎలా పోతుంది? అక్కడ ఏం చేస్తుంది? ఎలా బయటికి పోతుంది? ఇది తెలిస్తే, బీపీ మాత్ర రోజూ ఎందుకు వేసుకోవాలో తెలుస్తుంది.

"తగ్గింది" అంటే "పోయింది" కాదు

జ్వరం తగ్గింది అంటాం. అంటే జ్వరం పోయింది అని అర్థం. దగ్గు తగ్గింది అంటాం. అంటే దగ్గు పోయింది. అందుకే బీపీ తగ్గింది అనగానే పెద్దమ్మ బీపీ పోయింది అనుకుంది.

కాని బీపీ అలాంటిది కాదు. అది బావిలో నీటి మట్టం లాంటిది. మట్టం తగ్గింది అంటే బావి పూడిపోయినట్టు కాదు.

బీపీ అంటే రక్తపోటు. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ రక్తాన్ని నాళాల్లోకి తోస్తుంది. రక్తం ఆ నాళాల గోడలను నెడుతుంది. ఆ నెట్టుడే రక్తపోటు. గుండె ముడుచుకున్నప్పుడు ఉండే పోటు పై అంకె. గుండె సడలినప్పుడు ఉండే పోటు కింది అంకె. 120, 80 ఉంటే మంచిది. వేరువేరు రోజుల్లో చూసినా పై అంకె 140 గాని, అంతకు మించి గాని ఉంటే బీపీ ఎక్కువైనట్టు. కింది అంకె 90 గాని, అంతకు మించి గాని ఉన్నా అంతే.

పొలంలో మోటారు పైపు చూశారు కదా. నీళ్ళు మరీ జోరుగా వస్తుంటే పైపు అరవదు, ఏడవదు. కొన్నాళ్ళు బాగానే ఉంటుంది. ఒకరోజు అతుకు దగ్గర పగులుతుంది. రక్తనాళాలు కూడా అంతే. బీపీ ఎక్కువ ఉన్నా చాలామందికి నొప్పి ఉండదు. తల తిరగదు. కాని లోపల నాళాలు దెబ్బతింటూ ఉంటాయి. మెదడులో నాళం చిట్లినా, పూడినా పక్షవాతం వస్తుంది. గుండెకు పోయే నాళం పూడితే గుండెపోటు వస్తుంది. కిడ్నీలు, కళ్ళు కూడా పాడవుతాయి.

కాబట్టి ఒంట్లో బాగున్నంత మాత్రాన బీపీ లేదని చెప్పలేం. పట్టీ కట్టి చూస్తేనే తెలుస్తుంది.

మాత్రలో ఉండే మందు ఎంత?

పెద్దమ్మ వేసుకునే మాత్రలో మందు 5 మిల్లీగ్రాములు. గ్రాములో వెయ్యో భాగాన్ని మిల్లీగ్రాము అంటారు. 5 మిల్లీగ్రాములు అంటే ఎంత? ఒక బియ్యపు గింజను నాలుగు ముక్కలు చేస్తే ఒక ముక్క బరువు ఇంచుమించు అంత ఉంటుంది. అంత చిన్న మందును చేత్తో పట్టుకోవటం కష్టం. అందుకే దానికి వేరే పొడులు కలిపి బిళ్ళగా చేస్తారు. బిళ్ళలో ఎక్కువ భాగం ఆ పొడే. పని చేసేది మాత్రం ఆ కొంచెం మందే.

నోటి నుంచి రక్తం దాకా

మాత్ర వేసుకుని నీళ్ళు తాగుతాం. మాత్ర గొంతు దాటి కడుపులోకి పోతుంది. అక్కడ నీటిలో నాని విడిపోతుంది. తర్వాత చిన్నపేగులోకి పోతుంది. చిన్నపేగు పేరుకే చిన్నది. పొడవు దాదాపు 20 అడుగులు ఉంటుంది. దాని లోపలి గోడలో సన్నని రక్తనాళాలు చాలా ఉంటాయి. మనం తిన్న అన్నంలోని సారం ఆ గోడ గుండానే రక్తంలోకి చేరుతుంది. మందు కూడా ఆ దారిలోనే పోతుంది.

పేగు నుంచి బయలుదేరిన రక్తం తిన్నగా గుండెకు పోదు. ముందు కాలేయానికి పోతుంది. కాలేయాన్నే కార్జం అంటాం. మన పక్కటెముకల కింద కుడివైపున ఉంటుంది. బరువు కిలోకు పైనే ఉంటుంది.

కాలేయం ఊరి పొలిమేరలో కావలివాడి వంటిది. పేగు నుంచి వచ్చిన ప్రతిదాన్నీ ఆపి చూస్తుంది. ఒంటికి కొత్తగా తోచిన వాటిని విరగ్గొడుతుంది. మందు కూడా దానికి కొత్త వస్తువే. అందుకే మొదటిసారి పోయేటప్పుడే కొంత మందును విరగ్గొడుతుంది. అయినా ఆమ్లోడిపిన్ చాలావరకు తప్పించుకుని పోతుంది. వేసుకున్న మందులో నూటికి 64 నుంచి 90 పాళ్ళు రక్తంలోకి చేరుతుంది. మనిషిని బట్టి ఇది మారుతుంది.

ఈ ప్రయాణం నెమ్మదిగా సాగుతుంది. మాత్ర వేసుకున్నాక 6 నుంచి 12 గంటలకు మందు రక్తంలో ఎక్కువగా ఉంటుంది. అంటే పొద్దున 7 గంటలకు వేసుకుంటే, మధ్యాహ్నం 1 గంట నుంచి రాత్రి 7 గంటల లోపల ఎక్కువగా ఉంటుంది. మాత్ర వేసుకోగానే బీపీ దిగాలని చూడకూడదు. నొప్పి బిళ్ళలాగా ఇది గంటలో పని చూపించదు.

రక్తంలో మందు ఏం చేస్తుంది?

రక్తంలోకి చేరిన మందులో ఎక్కువ భాగం రక్తంలోని మాంసకృత్తులకు అంటుకుని ఉంటుంది. నూటికి 93 పాళ్ళు అలా అంటుకునే తిరుగుతుంది. కొంగు పట్టుకుని సంతలో తిరిగే పిల్లలాగా. రక్తం నుంచి కండల్లోకి, మిగిలిన అవయవాల్లోకి కూడా మందు చేరుతుంది. అక్కడ నిలవ ఉండి మెల్లగా మళ్ళీ రక్తంలోకి వస్తుంది. అందుకే ఇది ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది.

రక్తనాళాల గోడల్లో సన్నని కండ ఉంటుంది. ఆ కండ బిగిస్తే నాళం ఇరుకవుతుంది. సడలితే నాళం వెడల్పు అవుతుంది. కండ బిగియాలంటే దానిలోకి కాల్షియం అనే పదార్థం పోవాలి. అది పోవటానికి సన్నని తలుపులు ఉంటాయి. ఆమ్లోడిపిన్ ఆ తలుపులను దగ్గరగా మూస్తుంది. కాల్షియం తక్కువ పోతుంది. కండ సడలుతుంది. నాళం వెడల్పు అవుతుంది. ఇరుకు సందులో తోసుకునే జనం వెడల్పు బజారులోకి వస్తే తోపులాట తగ్గినట్టు, రక్తపోటు తగ్గుతుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మందు తలుపును పట్టుకుని ఉన్నంతసేపే తలుపు మూసి ఉంటుంది. మందు పోతే తలుపు మళ్ళీ తెరుచుకుంటుంది. మాత్ర తలుపుకు తాళం వేయదు. చేత్తో పట్టుకుని నిలబడుతుంది, అంతే.

బయటికి ఎలా పోతుంది?

రక్తం ఒంట్లో తిరుగుతూనే ఉంటుంది. తిరిగిన ప్రతిసారీ కొంత రక్తం కాలేయం గుండా పోతుంది. కాలేయం ప్రతిసారీ కొంచెం మందును విరగ్గొడుతుంది. విరిగిన ముక్కలకు పనిచేసే శక్తి ఉండదు. అవి చెత్తే.

ఆ చెత్తను ఎవరు ఊడుస్తారు? కిడ్నీలు ఊడుస్తాయి. నడుముకు పైన, వెన్నుకు అటొకటి ఇటొకటి రెండు కిడ్నీలు ఉంటాయి. అవి రోజుకు దాదాపు 180 లీటర్ల నీటిని రక్తం నుంచి వడకడతాయి. అందులో దాదాపు అంతా మళ్ళీ రక్తంలోకే పంపుతాయి. చెత్తతో కలిపి లీటరు, లీటరున్నర మాత్రం మూత్రంగా బయటికి పంపుతాయి.

ఆమ్లోడిపిన్ ముక్కలు కూడా ఆ మూత్రంలోనే పోతాయి. ఒంట్లోకి వచ్చిన మందును నూరు పాళ్ళు అనుకుంటే, దాదాపు 60 పాళ్ళు ముక్కలై మూత్రంలో పోతుంది. 10 పాళ్ళు మాత్రం విరగకుండా, ఉన్నది ఉన్నట్టే మూత్రంలో పోతుంది. మిగిలిన దానిలో ఎక్కువ భాగం మలంలో పోతుంది.

పెద్దమ్మ ప్రశ్నకు ఇదే జవాబు. రెండు నెలలు వేసుకున్న మాత్రలు ఒంట్లో దాక్కుని లేవు. ఏ రోజుకు ఆ రోజు పని చేశాయి. కాలేయంలో విరిగాయి. బయటికి పోయాయి.

కారే కుండ

మరి మందు ఎంత వేగంగా పోతుంది? దీనికి కారే కుండను తలచుకుందాం.

కుండకు అడుగున సన్నని చిల్లి ఉంది. కుండలో ఎన్ని నీళ్ళు ఉన్నా, రోజుకు మూడో వంతు కారిపోతాయి. మీరు రోజూ పొద్దున ఒక చెంబు నీళ్ళు పోస్తున్నారు. మొదటి రోజు కుండలో ఒక్క చెంబే ఉంది. రాత్రి తెల్లవారేసరికి అందులో మూడో వంతు కారింది. రెండో రోజు ఇంకో చెంబు పోశారు. ఇప్పుడు చెంబున్నర కంటే కొంచెం ఎక్కువ ఉంది. మూడో రోజు ఇంకో చెంబు. ఇప్పుడు రెండు చెంబులు దాటింది. ఇలా పోస్తూ పోతే వారం, ఎనిమిది రోజులకు దాదాపు మూడు చెంబులు నిలుస్తాయి.

మూడు చెంబుల్లో మూడో వంతు అంటే ఒక చెంబు. రోజుకు కారేది ఒక చెంబు. రోజూ పోసేది ఒక చెంబు. ఇక కుండలో మట్టం పెరగదు, తగ్గదు.

ఆమ్లోడిపిన్ మన ఒంట్లో ఇంచుమించు ఇలాగే ఉంటుంది. రోజుకు ఒక మాత్ర వేసుకుంటే వారం, ఎనిమిది రోజులకు మందు ఒక మట్టానికి చేరుతుంది. అందుకే మొదటి రెండు మూడు రోజుల్లో బీపీ దిగలేదని దిగులు పడకూడదు. కుండ ఇంకా నిండుతూ ఉంది.

"రోజూ వేసుకుంటే మందు ఒంట్లో పేరుకుపోదా?" అని చాలామంది అడుగుతారు. డాక్టరు చెప్పినంతే వేసుకుంటే పేరుకుపోదు. వచ్చిందంత పోతుంది. పోయిందంత వస్తుంది. కాని ఒకటి కాదని రెండు మూడు చెంబులు పోస్తే మట్టం పెరుగుతుంది. అప్పుడు బీపీ మరీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. అందుకే సొంతంగా మాత్రలు పెంచకూడదు.

ముసలివాళ్ళలో కాలేయం పని నెమ్మదిస్తుంది. కాలేయ జబ్బు ఉన్నవాళ్ళలోనూ అంతే. వాళ్ళ కుండకు చిల్లి ఇంకా సన్నది అన్నమాట. వాళ్ళకు మందు తక్కువ సరిపోతుంది. డాక్టరు అటువంటి వాళ్ళకు 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టవచ్చు. ఒకరి మాత్ర ఇంకొకరు వేసుకోకూడదు అనేది ఇందుకే.

రూపాయి, అర్ధరూపాయి, పావలా, బేడ, అణా

ఇప్పుడు మాత్ర మానేస్తే ఏమవుతుందో చూద్దాం.

ఒంట్లో ఉన్న ఆమ్లోడిపిన్ సగానికి తగ్గటానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది. సుమారు 40 గంటలు అనుకుందాం. మానేసిన రోజున ఒంట్లో రూపాయి ఎత్తు మందు ఉంది అనుకోండి.

40 గంటలు పోయాక అర్ధరూపాయి మిగులుతుంది.

మూడు రోజులు దాటాక పావలా మిగులుతుంది.

అయిదు రోజులకు బేడ మిగులుతుంది.

దాదాపు వారానికి అణా మిగులుతుంది.

పెద్దమ్మ ఇక్కడే మోసపోయింది. మానేసిన మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజూ ఏమీ కాలేదు. ఎందుకు? ఒంట్లో పాత మాత్రల మందు ఇంకా ఉంది. అది పని చేస్తూనే ఉంది. పెద్దమ్మ మాత్ర లేకున్నా బాగున్నాను అనుకుంది. కాని ఆమెను బాగా ఉంచింది ఆ పాత మాత్రలే. ఖర్చు పెడుతూ, దాచిన డబ్బు అయిపోతున్నా చూసుకోని వాళ్ళ వంటిది ఆమె పని.

వారం దాటింది. కుండ అడుగంటింది. తలుపులు తెరుచుకున్నాయి. నాళాలు మళ్ళీ బిగిశాయి. బీపీ మెల్లగా ఎక్కింది. మెల్లగా ఎక్కింది కనుక ఆమెకు తెలియలేదు.

అదే వాడకట్టులో ఇంకో తల్లి ఉంది. ఆమె కూడా చదువు కేంద్రానికి వచ్చేది. ఆమె కూడా బీపీ మాత్రలు మానేసింది. నెలలు గడిచాయి. ఎప్పుడూ చూపించుకోలేదు. ఒకరోజు తెల్లవారుజామున వాకిట్లో సాన్పి చల్లుతూ పడిపోయింది. కుడివైపు పక్షవాతం వచ్చింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది. కుడి చెయ్యి లేవదు. పలక మీద తన పేరు దిద్దుకున్న చెయ్యి అది.

అన్ని మాత్రలదీ ఒకే దారి కాదు

బీపీకి చాలా రకాల మాత్రలు ఉన్నాయి. అన్నీ ఒకేలా పోవు.

అటెనొలాల్ అనే మాత్రలో సగం మందే పేగు గోడ దాటుతుంది. మిగిలిన సగం మలంలో పోతుంది. రక్తంలోకి వచ్చిన మందును కాలేయం పెద్దగా ముట్టుకోదు. కిడ్నీలే దాన్ని ఉన్నది ఉన్నట్టుగా మూత్రంలోకి పంపుతాయి. 6, 7 గంటల్లోనే సగం పోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో ఇది త్వరగా పోదు. అందుకే వాళ్ళకు డాక్టరు దీన్ని తగ్గించి ఇస్తారు. ఈ మాత్రను ఉన్నట్టుండి మానేస్తే చాలా ప్రమాదం. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు గుండెనొప్పి రావచ్చు.

టెల్మిసార్టన్ అనే మాత్రది ఇంకో దారి. కాలేయం దాన్ని పైత్యరసంలో కలిపి పేగులోకి పంపుతుంది. అది దాదాపు అంతా మలంలోనే పోతుంది. గర్భిణులు ఈ మాత్ర వేసుకోకూడదు. ఈ మాత్ర వాడుతున్నవాళ్ళు గర్భం వచ్చిందని తెలియగానే డాక్టరుకు చెప్పాలి.

దారులు వేరైనా చివర ఒక్కటే. ఏ మాత్రా ఒంట్లో శాశ్వతంగా ఉండదు.

మాత్రలతో కిడ్నీలు పాడవుతాయా?

చాలామంది ఆడవాళ్ళు ఈ భయంతోనే మాత్రలు మానేస్తారు. నిజానికి కిడ్నీలను పాడుచేసేది ఎక్కువ బీపీ. కిడ్నీలోని వడపోత నాళాలు వెంట్రుకల కంటే సన్నగా ఉంటాయి. పోటు ఎక్కువైతే అవి దెబ్బతింటాయి. బీపీ మాత్ర ఆ పోటును తగ్గించి కిడ్నీలను కాపాడుతుంది. పైగా ఆమ్లోడిపిన్‌ను విరగ్గొట్టే పని కాలేయానిది. కిడ్నీలకు వచ్చేవి ఎక్కువగా విరిగిన ముక్కలే.

కిడ్నీలకు కీడు చేసేవి వేరే ఉన్నాయి. కూలి పని చేసి ఒళ్ళు నొప్పులని కొట్లో నొప్పి బిళ్ళలు కొనుక్కుని రోజూ మింగుతాం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఇలాంటివే. వీటిని ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది. కిడ్నీలు కూడా దెబ్బతింటాయి. డాక్టరును అడగకుండా వాడకూడదు.

ఆమ్లోడిపిన్ వాడే కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. నాళాలు వెడల్పు అయినందువల్ల కాళ్ళలో కొంచెం నీరు చేరుతుంది. దీన్ని చూసి కిడ్నీలు పోయాయని భయపడి మాత్ర మానేయకూడదు. అలాగని ఊరుకోనూ కూడదు. వాపుకు వేరే కారణాలు కూడా ఉండవచ్చు. డాక్టరుకు చూపించాలి. మందు తగ్గిస్తారు, లేదా వేరే మాత్ర ఇస్తారు.

"ఒకసారి మొదలుపెడితే అలవాటు పడిపోతాం" అని ఇంకొందరు అంటారు. సారా అలవాటు వేరు, ఇది వేరు. నిన్న తిన్న అన్నం ఈ రోజు ఆకలి తీర్చదు. అందుకే రోజూ తింటాం. మాత్ర కూడా అంతే.

ఒక్కపొద్దు రోజున

శనివారం ఒక్కపొద్దు. కార్తీక సోమవారం ఉపవాసం. రంజాన్ నెలలో రోజా. ఆ రోజుల్లో మాత్ర కూడా మానేసే వాళ్ళు ఉన్నారు. ఆమ్లోడిపిన్‌కు అన్నంతో పని లేదు. తినక ముందు వేసుకున్నా, తిన్నాక వేసుకున్నా ఒకేలా పని చేస్తుంది. ఒక్కపొద్దు రోజున కూడా గుక్కెడు నీళ్ళతో వేసుకోవచ్చు. రోజా ఉండేవాళ్ళు సహరీ వేళ గాని, ఇఫ్తార్ వేళ గాని వేసుకోవచ్చు. ఏ వేళ మంచిదో ముందే డాక్టరును అడగాలి. షుగరు మాత్రల సంగతి వేరు. ఉపవాసం రోజున వాటిని ఎలా వాడాలో డాక్టరే చెప్పాలి.

ఒకరోజు మాత్ర మరచిపోతే? ఆ రోజే గుర్తుకొస్తే వేసుకోవాలి. మర్నాటి మాత్ర వేళ దగ్గర పడితే దాన్ని వదిలేయాలి. మరచిన మాత్రను, ఈ రోజు మాత్రను కలిపి రెండు వేసుకోకూడదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. వేరే జబ్బుకు మందు రాయించుకునేటప్పుడు, బీపీ మాత్ర వాడుతున్నట్టు చెప్పాలి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ అనే మందు ఉంది. అది కాలేయాన్ని తొందరపెడుతుంది. కాలేయం బీపీ మందును మామూలు కంటే వేగంగా విరగ్గొడుతుంది. అప్పుడు ఆమ్లోడిపిన్ చాలకపోవచ్చు. టీబీ మందు మానకూడదు. బీపీ మందును డాక్టరు సరిచేస్తారు.

మాత్ర వేసుకుంటున్నాం కదా అని ఉప్పు ఇష్టం వచ్చినట్టు తినకూడదు. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపే వాడాలి. అంటే ఒక చిన్న చెంచా. పచ్చళ్ళు, అప్పడాలు, ఎండు చేపల్లో ఉండే ఉప్పు కూడా ఈ లెక్కలోదే.

మూతి ఒక పక్కకు వంకర పోయినా, ఒక చెయ్యి, కాలు పట్టు తప్పినా, మాట తడబడినా ఇంట్లో ఉండకూడదు. అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. మెదడు కణాలు నిమిషం నిమిషానికి చనిపోతూ ఉంటాయి. తెల్లవారాక చూద్దాం అనుకోకూడదు.

గోడ మీద క్యాలెండరు

2017 నవంబరులో మన దేశంలో బీపీని అదుపు చేసే కార్యక్రమం ఒకటి మొదలైంది. మొదట ఎంచుకున్న అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ప్రభుత్వ దవాఖానాల్లో బీపీ మాత్రలు ఉచితంగా ఇస్తారు. కాని మాత్ర ఇంటిదాకా వస్తే చాలదు. రోజూ నోట్లోకి పోవాలి.

నర్సమ్మ ఇదంతా విడమరచి చెప్పింది. పెద్దమ్మ శ్రద్ధగా విన్నది. డాక్టరు గారి దగ్గరికి పోయి మళ్ళీ మాత్ర మొదలుపెట్టింది.

కోడలు గోడకు క్యాలెండరు తగిలించింది. దారంతో ఒక పెన్సిలు కట్టింది. పొద్దున మాత్ర వేసుకోగానే పెద్దమ్మ ఆ రోజు అంకె మీద గీత పెడుతుంది. అంకెలు ఆమెకు వచ్చు కదా. మాత్రల అట్ట మీద 5 అనే అంకెను చూస్తుంది. గడువు తీరే నెల, సంవత్సరం చూస్తుంది. ఆ అట్టను పడేయకుండా, దవాఖానకు పోయేటప్పుడు కొంగున ముడి వేసుకుని పోతుంది. నాలుగైదు మాత్రలు మిగిలి ఉండగానే పోతుంది. అన్నీ అయిపోయేదాకా ఆగదు.

నెల తిరిగింది. క్యాలెండరులో ముప్పై గీతలు పడ్డాయి. నర్సమ్మ పట్టీ కట్టి చూసింది. 134, 86 ఉంది.

"బీపీ తగ్గింది పెద్దమ్మా" అంది.

"తగ్గింది గని పోలేదు నర్సమ్మా. వచ్చే నెల గోలీలియ్యి" అంది పెద్దమ్మ.

ఆలోచించండి, చెప్పండి

1. పెద్దమ్మ మాత్ర ఎందుకు మానేసింది?

2. మానేసిన మూడు రోజుల్లో ఆమెకు ఏమీ కాలేదు. ఎందుకు?

3. మందును విరగ్గొట్టేది ఏది? చెత్తను బయటికి పంపేవి ఏవి?

4. మీ వాడకట్టులో బీపీ మాత్రలు మానేసిన వాళ్ళు ఉన్నారా? ఎందుకు మానేశారో అడగండి. ఈ పాఠం వాళ్ళకు చదివి వినిపించండి.

5. ఈ వారం మీ బీపీ చూపించుకోండి. పై అంకె, కింది అంకె, తేదీ మీ నోటు పుస్తకంలో మీ చేత్తో రాసుకోండి.